ఆ ఆట ఫైలు మీకెక్కడిది?

"ఎమ్యులేటర్ పెట్టుకుంటే కేసవుతుందా?" పాత వీడియో గేముల మాట వచ్చిన ప్రతిచోటా ఈ ప్రశ్న వస్తుంది. ఎమ్యులేటర్ వల్ల కేసవదు. భయపడాల్సిందేమైనా ఉంటే అది పక్క ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్ల గురించి. ఈ రెండింటినీ ఒకే గాట కట్టేయడం వల్ల కొందరు అనవసరంగా భయపడుతున్నారు, ఇంకొందరు అనవసరంగా ధైర్యం తెచ్చుకుంటున్నారు.

ఇక్కడ మూడు వేర్వేరు వస్తువులున్నాయి. ఎమ్యులేటర్ అంటే పాత యంత్రం ఎలా పనిచేస్తుందో పరిశీలించి, అదే పని చేసేట్టు ఎవరో మొదటినుంచీ సొంతంగా రాసుకున్న ప్రోగ్రాం. పీసీఎస్ఎక్స్2, డాల్ఫిన్, మేమ్ ఇలాంటివే. బయోస్ అంటే కన్సోల్ లోపలి చిప్‌లో కంపెనీ పెట్టిన ప్రోగ్రాం. ప్లేస్టేషన్ 1లో అది 512 కేబీ, ప్లేస్టేషన్ 2లో 4 ఎంబీ. ఇక మూడోది ఆట. క్యాసెట్‌లోంచి తీస్తే రోమ్ అంటాం, డిస్క్‌లోంచి తీస్తే ఐఎస్ఓ అంటాం. మొదటిదాని మీద హక్కు దాన్ని రాసినవాళ్లది. మిగతా రెండింటి మీదా హక్కు కంపెనీలదే, ఆట ఎంత పాతదైనా సరే.

ఎమ్యులేటర్ చట్టబద్ధమేనన్నది అమెరికా కోర్టుల్లో పాతికేళ్ల కిందటే తేలిపోయింది. 1992లో కన్సోళ్ల కంపెనీ సెగా, అకొలేడ్ అనే ఆటల కంపెనీ మీద వేసిన కేసులో అప్పీలు కోర్టు ఒక మాట చెప్పింది: యంత్రం లోపలి సంగతి తెలుసుకోవడానికి వేరే దారి లేనప్పుడు కోడ్‌ను విప్పి చూడటం న్యాయమైన వాడకమే. 2000లో సోనీ, కనెక్టిక్స్ కేసు ఇంకా సూటిగా ఎమ్యులేటర్ గురించే. కనెక్టిక్స్ వాళ్లు మాక్ మీద ప్లేస్టేషన్ ఆటలు ఆడించే ప్రోగ్రాం అమ్మారు. దాన్ని తయారుచేసే దశలో సోనీ బయోస్‌ను పదేపదే కాపీ చేసి చూశారు గానీ, అమ్మిన ప్రోగ్రాంలో సోనీ కోడ్ ఒక్క ముక్క కూడా లేదు. కోర్టు కనెక్టిక్స్ పక్షానే నిలిచింది. ఆ తర్వాత 2001లో సోనీ ఆ ప్రోగ్రాంను కొనేసి ఆపేసింది. అదే కాలంలో బ్లీమ్ అనే ఇంకో ఎమ్యులేటర్ మీద కూడా సోనీ కోర్టుకెళ్లింది. ప్రకటనల్లో ఆటల బొమ్మలు వాడుకున్న విషయంలో 2000లో అప్పీలు కోర్టు బ్లీమ్ వైపే మాట్లాడింది. అయినా వరస కేసుల ఖర్చు తట్టుకోలేక ఆ చిన్న కంపెనీ మూతపడింది. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇంకొకటుంది. 2018లో సోనీయే అమ్మిన ప్లేస్టేషన్ క్లాసిక్ లోపల నడిచింది పీసీఎస్ఎక్స్ రీఆర్మ్‌డ్, అంటే ఔత్సాహికులు రాసిన ఓపెన్ సోర్స్ ఎమ్యులేటర్.

ఇదంతా అమెరికా సంగతి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చున్నవాళ్లకు వర్తించేది మన 1957 కాపీరైట్ చట్టం. దాని 52వ సెక్షన్‌లో ఏవి ఉల్లంఘన కావో వరసగా రాసి ఉంది. అందులో మనకు కావలసినవి నాలుగు. 52(1)(ఏఏ): కంప్యూటర్ ప్రోగ్రాం కాపీని చట్టబద్ధంగా చేతిలో ఉంచుకున్నవాడు, అది పోతుందేమో పాడవుతుందేమో అని బ్యాకప్ తీసుకోవచ్చు. 52(1)(ఏబీ): సొంతంగా రాసిన ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాంతో కలిసి పనిచేయడానికి కావలసిన సమాచారం మామూలుగా దొరకనప్పుడు, దాన్ని రాబట్టడానికి అవసరమైన పని చేయవచ్చు. ఎమ్యులేటర్ రాసేవాళ్లకు ఊపిరి పోసేది ఇదే. 52(1)(ఏసీ): ప్రోగ్రాం ఎలా నడుస్తోందో గమనించి, పరీక్షించి, దాని వెనకున్న సూత్రాలు తెలుసుకోవచ్చు. చివరిది 52(1)(ఏడీ). స్వయంగా, చట్టబద్ధంగా సంపాదించిన కాపీ నుంచి, వ్యాపారం కాని సొంత వాడకానికి కాపీలు చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు కూడా. ఈ చివరి మూడూ 1999 సవరణలో చేరాయి.

ఆటంటే ఒట్టి ప్రోగ్రామే కాదు కదా, అందులో బొమ్మలున్నాయి, సంగీతం ఉంది అనే అభ్యంతరం రావచ్చు. సరైన అభ్యంతరమే. కంప్యూటర్ ప్రోగ్రాం కాని మిగతా కృతులకు 52(1)(ఏ) ఉంది. సొంత వాడకం కోసం న్యాయంగా వాడుకోవడానికి అది చోటిస్తుంది. ఏడీ, ఏ రెండూ కలిపి చదివితే, మీ అసలు డిస్క్‌లోంచి మీరే కాపీ తీసి మీ కంప్యూటర్లో ఆడుకోవడానికి మన చట్టం చాలా దేశాల చట్టాలకంటే తేటగా అనుమతిస్తోందని నా అభిప్రాయం.

ఏడీ క్లాజులో బరువంతా "చట్టబద్ధంగా సంపాదించిన" అన్న మాట మీదే ఉంది. మనవాళ్లలో చాలామంది జారిపడేదీ అక్కడే. "చిన్నప్పుడు మా ఇంట్లో మారియో క్యాసెట్ ఉండేది, కాబట్టి ఇప్పుడు దించుకోవచ్చు" అనే వాదన తరచూ వినిపిస్తుంది. తొంభైల్లో మన ఊళ్లలో అమ్మిన టీవీ వీడియో గేములు చాలావరకు జపాన్ ఫ్యామికామ్‌కు అనుమతి లేని నకళ్లు. వాటితో వచ్చిన "64 ఇన్ 1", "9999 ఇన్ 1" క్యాసెట్లూ అంతే. విప్పి చూస్తే, పేరు ముద్రించిన చిప్ ఉండాల్సిన చోట పచ్చబోర్డు మీద నల్లటి గుండ్రటి బొట్టు కనిపిస్తుంది. అలాంటి క్యాసెట్ ఎన్నేళ్లుగా మీ దగ్గరున్నా అది చట్టబద్ధమైన కాపీ కాదు. దానిలోంచి తీసిన రోమ్ కూడా కాదు. నకలు డిస్కులు ఆడేందుకు చిప్ వేయించిన ప్లేస్టేషన్ 2లో పెట్టి ఆడిన, కాపీ రాసిన డీవీడీలదీ ఇదే కథ.

డిస్క్ అసలుదో కాదో కింది వైపు చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. ప్లేస్టేషన్ 1 డిస్కుల అడుగు నలుపు. ప్లేస్టేషన్ 2లో సీడీ ఆటలకు నీలం, డీవీడీ ఆటలకు వెండి రంగు. ఊదా ఛాయ కనిపిస్తే అది ఇంట్లోనో షాపులోనో రాసిన డిస్క్. పైముఖం మీద కోడ్ కూడా చూడండి. యూరప్, ఇండియా అమ్మకాల డిస్కులకు ఎస్ఎల్ఈఎస్ లేదా ఎస్‌సీఈఎస్ అనే అక్షరాలతో, అమెరికావైతే ఎస్ఎల్‌యూఎస్ లేదా ఎస్‌సీయూఎస్ అనే అక్షరాలతో మొదలవుతుంది.

అసలు డిస్క్ చేతిలో ఉంటే మిగతా పని సులువే. ప్లేస్టేషన్ 2 డిస్కులను మామూలు కంప్యూటర్ డీవీడీ డ్రైవ్ చదివేస్తుంది. విండోస్‌లో ఇమ్గ్‌బర్న్ అనే ఉచిత ప్రోగ్రాం తీసుకుని డిస్క్‌నుంచి ఇమేజ్ ఫైల్ తయారుచేసే ఎంపిక నొక్కండి. చదివే వేగాన్ని 4ఎక్స్‌కు తగ్గించండి. నిండు డీవీడీ, అంటే 4.7 జీబీ, పావుగంటలో అయిపోతుంది. గరిష్ఠ వేగంలో పెడితే గీతలున్న డిస్క్ ఊగుతూ తిరిగి, మంచి చోట్ల కూడా తప్పులు చూపిస్తుంది. డీవీడీ ఆట ఐఎస్ఓగా వస్తుంది. నీలం అడుగు సీడీ ఆటను మాత్రం బిన్, క్యూ అనే రెండు ఫైళ్ల జంటగానే తీయాలి. సీడీలో ఒక్కో సెక్టార్, అంటే సమాచారపు ముక్క, 2352 బైట్లు. ఐఎస్ఓలో అందులో 2048 మాత్రమే మిగులుతాయి. పాటల ట్రాకులు, వీడియోల ధ్వని మిగతా భాగంమీద ఆధారపడతాయి కాబట్టి ప్లేస్టేషన్ 1 ఆటను ఐఎస్ఓగా తీస్తే ఆట మొదలవుతుంది గానీ సంగీతం ఉండదు, లేదా వీడియో దగ్గర ఆగిపోతుంది. ఆ తప్పు ఎమ్యులేటర్‌ది అనుకుని సెట్టింగులన్నీ తిప్పేసేవాళ్లు చాలామంది.

ప్లేస్టేషన్ 1 యూరప్ డిస్కుల్లో ఇంకో చిక్కుంది. కొన్నిటిలో లిబ్‌క్రిప్ట్ అనే రక్షణ పెట్టారు. దాని గుర్తు అసలు సమాచారానికి పక్కన నడిచే సబ్‌ఛానెల్‌ అనే వరసలో ఉంటుంది, మామూలు బిన్, క్యూ జంటలోకి అది రాదు. కాపీ తప్పులేకుండా వచ్చినట్టే కనిపిస్తుంది, కానీ ఆట మధ్యలో ఎక్కడో గడ్డకట్టుకుపోతుంది. సబ్‌ఛానెల్‌ను కూడా చదివే పద్ధతిలో తీసి ఆ చిన్న ఫైల్‌ను పక్కనే అదే పేరుతో ఉంచాలి.

గీతల గురించి ఒక మాట. సీడీలో సమాచారం ఉన్న పొర లేబుల్‌కు సరిగ్గా కిందే ఉంటుంది. కాబట్టి అడుగున పడిన గీతకంటే పైన లేబుల్ మీద పడిన గీతే ప్రమాదం. అడుగు గీతను పాలిష్ చేసి బాగుచేయవచ్చు. పైన పొర లేచిపోతే ఆ సమాచారం మళ్లీ రాదు. డీవీడీలో ఆ పొర రెండు 0.6 మిల్లీమీటర్ల పలకల నడుమ ఉంటుంది కాబట్టి కొంత నయం. తుడిచేటప్పుడు మధ్యనుంచి అంచువైపు సూటిగా తుడవాలి, గుండ్రంగా వద్దు.

పీసీఎస్ఎక్స్2కు బయోస్ తప్పనిసరి. దాన్ని నెట్‌లో వెతక్కండి, మీ కన్సోల్‌లోనే ఉంది. కన్సోల్‌లో బయటి ప్రోగ్రాములు నడపనిచ్చే ఫ్రీ ఎంసీబూట్ ఎక్కించిన మెమరీ కార్డుతో కన్సోల్ ఆన్ చేసి, ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో బయోస్‌ను కాపీ తీసే బయోస్‌డ్రెయిన్ ఫైల్ పెట్టి నడిపితే బయోస్ అంతా ఆ పెన్‌డ్రైవ్‌లోకి వచ్చేస్తుంది. ప్లేస్టేషన్ 2 యూఎస్‌బీ పాత 1.1 రకం, నిదానంగా రాస్తుంది. మధ్యలో లాగేయకండి. చివర్లో వచ్చిన 90000 వరస సన్న కన్సోళ్లలో కొన్నిటిలో ఫ్రీ ఎంసీబూట్ పనిచేయదు. వాటికి డీవీడీ ప్లేయర్‌లోని లోపాన్ని వాడుకునే ఫ్రీడీవీడీబూట్ అనే దారి ఉంది. ముఖ్య ఫైల్ పరిమాణం సరిగ్గా 41,94,304 బైట్లు ఉండాలి. తక్కువొస్తే మళ్లీ తీయాలి. నింటెండో గేమ్‌క్యూబ్ ఆటలకైతే డాల్ఫిన్ ఎమ్యులేటర్ బయోస్ అడగదు. కానీ ఆ డిస్కులను మామూలు డ్రైవ్ చదవదు. నింటెండోదే అయిన వీ (Wii) కన్సోల్‌లో క్లీన్‌రిప్ అనే ప్రోగ్రాం నడిపి తీయాలి. గేమ్‌క్యూబ్ డిస్క్ ఏదైనా 1.46 జీబీ వస్తుంది. వీ డిస్క్ 4.7 జీబీ, ఎఫ్ఏటీ32 పెన్‌డ్రైవ్‌లో ఒక్క ఫైల్‌గా పట్టదు కాబట్టి ముక్కలుగా పడుతుంది, తర్వాత అతకాలి.

క్యాసెట్లకు రీడర్ కావాలి. ఆర్డ్యువినో మెగా 2560 బోర్డు ఆధారంగా కట్టుకునే సన్నీ కార్ట్ రీడర్ డిజైన్ అందరికీ అందుబాటులో ఉంది. మొదట పిన్నులను 90 శాతానికి పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, దూదిపుల్లతో తుడవండి. నోటితో ఊదడం మానండి, ఉమ్మి తేమకు పిన్నులు తుప్పుపడతాయి. చెడ్డ డంపుల్లో (ఇలా తీసిన కాపీల్లో) ఎక్కువ భాగం మురికి పిన్నుల వల్లే. రోమ్ కంటే ముందు సేవ్ ఫైల్, అంటే ఎంతవరకు ఆడారో దాచిన ఫైల్, తీయండి. లోపలి నాణెం బ్యాటరీ ఏ రోజైనా అయిపోవచ్చు, అది పోయాక సేవ్ తిరిగిరాదు.

ఏదైనా రెండుసార్లు తీసి హాష్ (ఫైల్‌లోని సమాచారం నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి అంకె) పోల్చుకోండి. రెండూ ఒకటే అయితే నో-ఇంట్రో (క్యాసెట్లకు), రీడంప్ (డిస్కులకు) జాబితాల్లో వెతకండి. అక్కడ ఆటలు ఉండవు, ప్రతి ఆటకూ ఉండాల్సిన పరిమాణం, హాష్ మాత్రమే ఉంటాయి. హాష్ కలవకపోతే వెంటనే డంప్ చెడిందనుకోకండి. పాత నింటెండో ఫైళ్లకు ముందు 16 బైట్ల హెడర్, అంటే ఎమ్యులేటర్ కోసం పెట్టే చిన్న వివరం, తగిలిస్తారు. మొదటి సూపర్ మారియో ఆట 40,960 బైట్లయితే మీ ఫైల్ 40,976 చూపిస్తుంది. హెడర్ తీసేసి పోల్చాలి. హాష్ కలిశాక జాగా ఆదా కోసం సీహెచ్‌డీ అనే కుదించిన ఫైల్‌గా మార్చుకోవచ్చు, నాణ్యత ఏమీ పోదు. సీడీ ఆటకు సీడీ ఆదేశం, డీవీడీ ఆటకు డీవీడీ ఆదేశం, ఇవి తారుమారు కాకుండా చూసుకోండి.

ఇంతవరకూ చెప్పినవి బలమైన ఎన్‌క్రిప్షన్, అంటే డిజిటల్ తాళం, లేని యంత్రాలు. ప్లేస్టేషన్ 3, స్విచ్ దగ్గరకొచ్చేసరికి సంగతి మారుతుంది. అమెరికాలో డిజిటల్ కాపీరైట్ గురించిన డీఎంసీఏ చట్టం 1201 సెక్షన్ తాళం పగలగొట్టడాన్నే తప్పంటుంది, లోపలున్నది మీ సొంతమైనా సరే. 2024 ఫిబ్రవరిలో నింటెండో, స్విచ్ ఎమ్యులేటర్ యుజు మీద వేసిన కేసు సారాంశం ఇదే. ఆ కేసు తీర్పుదాకా పోలేదు. మార్చిలోనే 24 లక్షల డాలర్లు ఇచ్చి, యుజును, దాంతోపాటు 3డీఎస్ ఎమ్యులేటర్ సిట్రాను ఆపేయడానికి దాన్ని రాసినవాళ్లు ఒప్పుకున్నారు. ఆ ఏడాది అక్టోబరులో ర్యూజింక్స్ అనే ఇంకో స్విచ్ ఎమ్యులేటర్ కూడా ఆగిపోయింది. అందుకే యుజు వల్ల ఎమ్యులేటర్లన్నీ నేరమని తేలిపోయిందనే మాట తప్పు. అక్కడ కోర్టు ఏమీ తేల్చలేదు. ఇక నా మటుకు, షాపులో కొత్తగా అమ్ముడవుతున్న యంత్రానికి, విడుదల కాకముందే బయటికొచ్చిన ఆటకు సాయపడే పని పాత ఆటల సంరక్షణ కిందికి రాదు. ఆ రెంటినీ కలిపి సమర్థించబోతే సంరక్షణ వాదమే బలహీనపడుతుంది.

మన చట్టంలో 2012లో చేరిన 65ఏ సెక్షన్ కూడా తాళాల గురించే. శిక్ష రెండేళ్ల దాకా జైలు, జరిమానా. అయితే అందులో "హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో" అన్న షరతు ఉంది. చట్టం నిషేధించని పనికోసమైతే అడ్డులేదని రెండో ఉపసెక్షన్ చెబుతోంది. సొంత డిస్క్ బ్యాకప్‌కు ఈ మాటలు అనుకూలంగానే కనిపిస్తాయి. నెట్‌లో దొరికిన తాళంచెవులతో దించుకున్న ఆట తెరవడానికి మాత్రం ఇవి ఏమాత్రం పనికిరావు.

దించుకునేవాళ్లు చెప్పే రెండు మాటలను ఇక్కడే పక్కన పెట్టేయాలి. "24 గంటల్లో తీసేస్తే పర్వాలేదు" అన్నది రోమ్ సైట్లు పుట్టించిన మాట, ఏ చట్టంలోనూ లేదు. "కంపెనీ వదిలేసిన ఆట" అనే వర్గం కూడా చట్టంలో లేదు. అమెరికాలో కంపెనీ పేరిట ప్రచురించిన ఆటకు 95 ఏళ్ల రక్షణ. అంటే 1985 నాటి ఆట అక్కడ 2080 చివరిదాకా ఎవరిదో ఒకరిదే. మన దగ్గర ఉల్లంఘన కాపీ అని తెలిసీ కంప్యూటర్లో వాడితే 63బీ వర్తిస్తుంది. ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. లాభం కోసం కాకపోతే జైలు లేకుండా 50 వేల లోపు జరిమానాతో వదిలే వీలు కోర్టుకుంది.

చట్టం ఇంత కచ్చితంగా ఉన్నా, అసలు కొనడానికే దొరకని ఆటల సంగతేమిటి? 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ చేసిన అధ్యయనం ప్రకారం అమెరికాలో విడుదలైన పాత ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో లేవు. ఆ ఏడాది మార్చి 27న నింటెండో తన 3డీఎస్, వీ యూ కన్సోళ్ల ఆన్‌లైన్ దుకాణాలు మూసేసింది. డిస్క్ రూపంలో రాని ఆటలు వాటితోపాటే అమ్మకంనుంచి పోయాయి. గ్రంథాలయాలు పాత ఆటలను దూరంనుంచి పరిశోధకులకు చూపించడానికి అడిగిన అనుమతిని 2024 అక్టోబరులో అమెరికా కాపీరైట్ ఆఫీసు ఇవ్వలేదు. మన 52(1)(ఎన్) గ్రంథాలయాలకు ఎలక్ట్రానిక్ కాపీ దాచుకోనిస్తుంది, కానీ చేతిలో డిజిటల్ కాని ప్రతి ఉంటేనే. పుట్టుకతోనే డిజిటల్ అయిన ఆట అందులో ఇమడదు. పుస్తకాలను దృష్టిలో పెట్టుకుని రాసిన ఈ క్లాజును సవరించాలి. మన గ్రంథాలయాలకు ఇది నిజంగా అవసరం.

మనవాళ్లందరికీ తెలిసిన ఉదాహరణ ముస్తఫా. కాయిన్ వేసి ఆడే గేమ్ షాపుల్లో ఆ పేరుతోనే చలామణీ అయిన ఆ ఆట అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, 1993లో క్యాప్‌కామ్ తెచ్చింది. కథ ఒక అమెరికన్ కామిక్ నుంచి అనుమతితో తీసుకున్నది, క్యాడిలాక్ అన్న పేరు ఒక కార్ల కంపెనీది. అంటే మళ్లీ అమ్మాలంటే ఒక్క క్యాప్‌కామ్ ఒప్పుకుంటే సరిపోదు. 2018లో క్యాప్‌కామ్ ఇలాంటి కొట్లాట ఆటలు ఏడు కలిపి ఒక సంకలనం తెచ్చింది, అందులో ఇది లేదు. అసలు బోర్డులేమో బ్యాటరీ మీద ఆధారపడినవి. బ్యాటరీ చచ్చిపోతే లోపలి తాళంచెవి చెరిగిపోయి బోర్డు సరిగా నడవదు. మేమ్ బృందం ఆ ఎన్‌క్రిప్షన్‌ను ఛేదించి నమోదు చేయకపోతే ఆ బోర్డులతోపాటే ఆట అసలు రూపమూ అంతరించే ప్రమాదముండేది. అలాంటి ఆటను దించుకుని ఆడటం చట్టం ప్రకారం ఉల్లంఘనే, అందులో సందేహం లేదు. నైతికంగా మాత్రం నేను దాన్ని దొంగతనం అనను. అమ్మేవాడే లేనప్పుడు ఎవరి జేబుకూ చిల్లు పడదు. అదే క్యాప్‌కామ్ సంకలనంలో ఉన్న ఫైనల్ ఫైట్‌ను దించుకోవడం వేరు, అది డబ్బిచ్చి కొనుక్కోవచ్చు. ఏ ఆటకైనా ముందు స్టీమ్, జీఓజీ, నింటెండో, ప్లేస్టేషన్ దుకాణాల్లో వెతకండి. దొరికితే కొనండి.

నాకు నిజంగా కోపం తెప్పించేవి టీవీకి గుచ్చే గేమ్ స్టిక్కులు, "పదివేల ఆటలు" నింపిన మెమరీ కార్డులతో వచ్చే చేతి కన్సోళ్లు. ఇక్కడ ఎవరో ఆడుకోవడం లేదు, అమ్ముకుంటున్నారు. ఇది 63వ సెక్షన్ కిందకొచ్చే వ్యాపార ఉల్లంఘన. వాటిలో తరచూ కనిపించే స్నెస్9ఎక్స్ లాంటి ఎమ్యులేటర్ల లైసెన్సు వ్యాపారానికి వాడుకోవద్దని స్పష్టంగా చెబుతుంది. అంటే ఆట చేసినవాళ్ల కష్టంతోపాటు ఏళ్లతరబడి ఉచితంగా ఎమ్యులేటర్ రాసినవాళ్ల కష్టాన్నీ అమ్ముకుంటున్నట్టే. చేతి కన్సోల్ కావాలనుకుంటే ఖాళీ కార్డుతో కొనండి. పేరులేని కార్డు వస్తే దాన్ని పక్కన పడేసి కొత్తది పెట్టండి. ఆ కార్డులు కొద్ది నెలల్లోనే పాడై సేవ్‌లన్నీ పోవడం మామూలే.

బ్యాకప్ తీసుకున్నవాళ్లు తరచూ మరిచిపోయేది ఇంకొకటుంది. 52(1)(ఏఏ) ఇచ్చే వెసులుబాటు కాపీని చట్టబద్ధంగా చేతిలో ఉంచుకున్నవాడికే. అసలు డిస్క్‌ను అమ్మినా, ఎవరికైనా ఇచ్చేసినా మీ దగ్గరున్న ఐఎస్ఓకు ఆ ఆధారం పోతుంది. కాబట్టి డిస్క్ ఇచ్చేసే రోజునే ఆ ఫైల్, దాని సీహెచ్‌డీ, పాత హార్డ్‌డిస్క్‌లో ఉన్న ఇంకో కాపీ, మూడూ తీసేయండి. సేవ్ ఫైల్ మాత్రం ఉంచుకోండి, అది మీరు ఆడి సంపాదించుకున్నది.